మాడిసన్ సభలో ఒక రచయిత్రి

సాహిత్యసభ యనగానే మన మనసున దోచు చిత్ర మొకటి కలదు. వేదికమీద బల్ల, బల్లమీద పూలదండలు, అధ్యక్షుని కుడియెడమల వరుసగా కూర్చుండిన పెద్దలు. స్వాగతవచనములు, సందేశపఠనము, వందనసమర్పణము. రచయిత వచ్చును, దండ వేయించుకొనును, తన గ్రంథమును గూర్చి యితరులు చెప్పు పొగడ్తలను తలవంచి వినును, పోవును. మరునాడు పత్రికలో నాలుగు పంక్తులు పడును. ఆ సభవలన లోకమున నేమి మారినదని యెవరును అడుగరు; అడుగుట మర్యాద కాదు. మేమును అట్టి సభలు పెక్కింట కూర్చుండినవారమే గనుక ఈ మాటను నిష్ఠురముగా గాక స్వానుభవముగా వ్రాయుచున్నాము.

కావుననే, 1991వ సంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మాడిసన్ నగరమందు జరిగిన యొక చిన్న సభలో ప్యాట్ మర్ఫీ యను రచయిత్రి చేసిన ఉపన్యాసమును గూర్చి మన చదువరులకు విన్నవింప దలచితిమి. అది యసాధారణమైన వాగ్ధాటి గల యుపన్యాసమని మేము చెప్పబోము. కాని యానాడు వేదికమీదనుండి పలికిన కొలది వాక్యములవలన నొక బహుమానము పుట్టినది. దాని పేరుమీద నొక పెద్ద వాదము పుట్టినది. ఆ వాదము 2019లో గాని తీరలేదు. ఒక రచయిత సభకు వచ్చి మాటలాడినందున ఇంత జరుగుట యెట్లు సంభవించెనో తెలిసికొనుట మనకు నుపయుక్తమే.

మొదట ఆ సభల తీరు చెప్పవలెను. సైన్స్ ఫిక్షన్ అని యింగ్లీషున బిలువబడు వైజ్ఞానికకల్పన చదువువారు 1930 దశాబ్దము నుండియు తమలో తాము కూడి సభలు జరుపుకొనుచున్నారు. వీనిని కన్వెన్షనులందురు. వీనిని నడపువారు ప్రచురణకర్తలు కారు, విద్యాపీఠములవారును కారు, చదువరులే. జీతము బత్తెము లేక పనిచేయుదురు. ఏదేని హోటలులో రెండుమూడు దినములకు గదులు తీసికొని, ఒక్కొక్క గదిలో నొక్కొక్క చర్చ పెట్టుదురు. సభ్యత్వపు రుసుము చెల్లించినవాడెవడైనను లోనికి రావచ్చును, లేచి ప్రశ్న యడుగవచ్చును. గౌరవాతిథిగా పిలువబడిన రచయిత ఆ రెండుమూడు దినములును వారి నడుమనే మెలగును. ఉదయమున ఫలహారశాలలో నతని ప్రక్కన కూర్చుండువాడే సాయంకాలము సభలో లేచి, మీ నవలలోని స్త్రీ కేల మాటలు లేవని యడుగును. తప్పించుకొనుటకు తెర లేదు, తెరవెనుక గదియు లేదు.

మాడిసన్ సభకు విస్‌కాన్ అని పేరు. విస్కాన్సిన్ రాష్ట్రపు రాజధానియగు ఆ నగరమున గొప్ప విశ్వవిద్యాలయ మొకటి కలదు. 1977లో తొలి సభ జరిగినది. ఆనాటి గౌరవాతిథులిద్దరును, అనగా క్యాథరిన్ మెక్లేన్ అను రచయిత్రియు, అమాండా బ్యాంకియర్ అను పత్రికాసంపాదకురాలును, స్త్రీలే. స్త్రీల రచనలను, స్త్రీపురుషభేదమును గూర్చిన ప్రశ్నలను ప్రధానవిషయముగా నెన్నుకొనిన వైజ్ఞానికకల్పనాసభలలో నిదియే మొదటిదని చెప్పుదురు. వేలకు వేలు జనము చేరు సభలున్న ఆ దేశమున, ఒకప్పుడు తన సభ్యసంఖ్యను వేయికి మించనీయక కట్టడి చేసికొనిన సభ యిది. చిన్నదిగా నుండుట దానికి లోపము కాదు, వ్రతము.

ప్యాట్ మర్ఫీ యిట్టి సభకు గౌరవాతిథిగా వచ్చెను. అప్పటి కామె కొత్తపేరు కాదు. 1987వ సంవత్సరపు నెబ్యులా బహుమానములలో నవలకొకటి, కథకొకటి రెండును ఆమెకే వచ్చినవి. ఆ కథలో, చనిపోయిన బాలిక మనసు నింపుకొనిన చింపాంజీ యొకటి తన్ను తాను మనిషిగా నెంచుకొని బ్రదుకుటకు పడు పాట్లు వర్ణింపబడినవి. కడుపుకూటికై యామె చేసిన యుద్యోగమును గమనింపదగినది: సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎక్స్‌ప్లొరటోరియమ్ అను విజ్ఞానప్రదర్శనశాలలో పుస్తకములు వ్రాయుట. అక్కడి వస్తువులను అద్దముల వెనుక దాచరు. చూడవచ్చినవారు చేతితో త్రిప్పి, కంటితో పరీక్షించి, తమ కన్ను తమ్మెట్లు మోసగించునో తామే తెలిసికొందురు. ఉపన్యాసమునకు మూలము ఆ శాలలోనే యున్నదని మా యూహ. మనము చూచునది యెదుట నున్నదానిని గాదు, చూడనున్నామని ముందే నమ్మినదానిని అను సూత్రముపై నామె తన ప్రసంగమును నిర్మించెను. దృష్టిభ్రమనుండి సాహిత్యమునకు, సాహిత్యమునుండి స్త్రీలకు వచ్చెను. స్త్రీలు వైజ్ఞానికకల్పన వ్రాయరనియు, వ్రాసినను అది నిజమైన వైజ్ఞానికకల్పన కాదనియు వినవచ్చుచుండిన గొణుగుడుకు అదే యామె సమాధానము. లేనిది స్త్రీల రచన కాదు, చూచు కన్ను.

ఇంతవరకు ఇది మంచి ఉపన్యాసము మాత్రమే. ఇట్టివి మన సభలలోను వినుచుందుము. చప్పట్లు కొట్టి యింటికి వచ్చుచుందుము. మర్ఫీ యచట నాగలేదు. ఆ రంగమునందలి బహుమానములను చూడుడు: హ్యూగో గెర్న్స్‌బాక్ పేర నొకటి, జాన్ క్యాంబెల్ పేర నొకటి, ఆర్థర్ క్లార్క్ పేర నొకటి, ఫిలిప్ డిక్ పేర నొకటి. అన్నియు పురుషనామములే. అందువలన, స్త్రీపురుషభేదమును కొత్తగా పరిశీలించు రచనల కొక బహుమానము నెలకొల్పుచున్నామని యామె ప్రకటించెను. దానికి పెట్టిన పేరు జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్.

ఈ పేరు వినిన మన చదువరు లాశ్చర్యపడుదురు. పురుషనామములు విసుగు పుట్టించినవని చెప్పి మరియొక పురుషనామము పెట్టుటేమి? సభవారు మాత్రము ఆశ్చర్యపడియుండరు. వారికి గుట్టు తెలియును. ఆ గుట్టు చెప్పకున్న నీ కథ సాగదు.

1967లో ఆలిస్ షెల్డన్ అను నొకామె, ఏబదియొకటి రెండేండ్ల వయసున, తన కథలకొక మారుపేరు వెదకుచు, దుకాణములో టిప్‌ట్రీ యను ముద్రగల పండ్ల మురబ్బా సీసాను చూచి ఆ పేరు తీసికొనెను. ఆమె సామాన్యురాలు కాదు. బాల్యముననే తలిదండ్రులతో ఆఫ్రికా తిరిగినది; రెండవ ప్రపంచయుద్ధమున సైన్యములో జేరి విమానములనుండి తీసిన ఛాయాచిత్రములను పరిశీలించినది; కొంతకాలము ప్రభుత్వపు గూఢచారశాఖలో పనిచేసినది; పిమ్మట మనస్తత్త్వశాస్త్రమున డాక్టరు పట్టము పొందినది. ఆ పేరుతో కథలు 1968 నుండి వెలువడజొచ్చెను. టిప్‌ట్రీ ఏ సభకును రాలేదు, ఎవరికిని ఫోటో యీయలేదు. ఉత్తరములు మాత్రము విరివిగా వ్రాయుచుండెను. తోడి రచయితలు, రచయిత్రులు ఆ యుత్తరములతోడనే గాఢస్నేహము చేసిరి. ఈ టిప్‌ట్రీ స్త్రీ యేమో యని కొందరు సందేహించినప్పుడు, రాబర్ట్ సిల్వర్‌బర్గ్ అను ప్రసిద్ధరచయిత 1975లో ఆ కథల సంపుటమునకు పీఠిక వ్రాయుచు, ఈ శైలిలో పురుషత్వము తప్పించుకొన వీలులేనంతగా నున్నదని, స్త్రీ యనుట అసంబద్ధమని తీర్పు చెప్పెను. 1976 చివర టిప్‌ట్రీ తల్లి మరణించినది. ఆ సంగతి టిప్‌ట్రీ యుత్తరమున వ్రాయగా, చదువరులు పత్రికలలోని మరణవార్తలు వెదకి, కూతురి పేరు పట్టుకొనిరి. గుట్టు రట్టయినది. సిల్వర్‌బర్గ్ పిదప తన పొరపాటును పెద్దమనసుతో నొప్పుకొనెను. అతని నెగతాళి చేయుట సులభము; మనమైనను ఆ చోట నదే వ్రాసియుందుమేమో. చూడనున్నామని నమ్మినదానినే చూతుమని మర్ఫీ చెప్పిన సూత్రమున కింతకన్న మంచి దృష్టాంతము దొరకదు.

టిప్‌ట్రీ కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనదానిని ఇచట కొంత విచారింపక తప్పదు. 1973లో వెలువడిన యా కథ పేరును తెలిగించినచో ‘పురుషులకు కానరాని స్త్రీలు’ అగును. కథ చెప్పువాడు చేపలు పట్టుటకై మెక్సికో తీరమునకు బోవు నొక నడివయసు అమెరికనుడు. చిన్న విమానములో అతనితోడి ప్రయాణికులు ఒక తల్లి, ఆమె కూతురు. వారి నతడు మొదట సరిగా చూడనే చూడడు. కంటి కొసకు రెండు మసకలుగా తగులుదురు, అంతే. విమానము సముద్రతీరపు మడయడవులలో కూలును. నీటికై వెదకుచు నతడును తల్లియు నడచిపోవుదురు. నడచుచు నతడామెను గూర్చి పరిపరివిధముల నూహించును: ఈమెకు నాపై కోరికయా, భయమా, ఈమెకు పురుషులన్న ద్వేషమా? కథ కొసకు వచ్చుసరికి అన్యలోకవాసులు కొందరు తారసిల్లుదురు. అతడు తుపాకి తీయును. ఆమె మాత్రము తన్నును తన కూతురిని తమవెంట గొనిపొండని వారిని వేడుకొనును, వారితో వెడలిపోవును. ఎరుగని రాక్షసుల లోకమైనను తన లోకముకన్న మేలని యామె కెందులకు దోచినదో అతని కెంత ఆలోచించినను బోధపడదు.

ఈ కథలోని నేర్పంతయు ఒక్కచోట నున్నది. చెప్పువాడు దుష్టుడు కాడు. స్త్రీని కొట్టడు, తిట్టడు. గాయపడినను ధైర్యముగా నడచును, ఆపదలో తోడ్పడును. మన సంస్కారపక్షపు కథలలో స్త్రీల కష్టములకు కారకులు తరచుగా త్రాగుబోతు మగడో, గయ్యాళి యత్తయో, ధనాశాపరుడైన ముసలివరుడో యగుదురు. అట్టి కథ చదివిన సజ్జనుడు, నే నిట్టివాడను కాను గదా యని నిశ్చింతగా నిద్రించును. టిప్‌ట్రీ ఆ నిద్ర చెడగొట్టెను. దోషము సజ్జనుని చూపులోనే యున్నదని చూపెను. అదియు అతని నోటనే చెప్పించెను. పురుషుని పేరుతో వ్రాసిన స్త్రీ, పురుషుని గొంతుతో కథ చెప్పించి, ఆ గొంతు వినలేనిదానిని మనకు వినిపించినది. నెబ్యులా బహుమానమునకు ఈ కథ పరిశీలనకు వచ్చినప్పుడు ఆమె దానిని ఉపసంహరించుకొనెను. పురుషుడు స్త్రీల నింత చక్కగా నర్థము చేసికొనెనే యను మెప్పు దానికి దక్కుట న్యాయము కాదని యామెకు దోచినది. ఇట్టి సంకోచము రచయితలయందు మిక్కిలి యరుదు.

ఇక మర్ఫీ ఉపన్యాసమునకు వత్తము. బహుమాన మనగా ధనము కావలెను గదా. కారెన్ జాయ్ ఫౌలర్ అను రచయిత్రితో గలిసి యామె చేసిన యాలోచన యిది: ఇంట కాల్చిన బిస్కత్తులు, కేకులు అమ్మి ధనము కూర్చుట. ఆ దేశమున బడులకును, దేవాలయములకును స్త్రీలు ఇట్లు చందాలు కూర్చుట పాతవాడుక. పెద్దపెద్ద ధర్మనిధులు పురుషుల పేర నుండగా, స్త్రీల చేతిలో నున్నది వంటిల్లు. దానితోనే లోకమును మార్తమని యామె నవ్వులాటగా ననెను. సభ్యులు నవ్విరి, నవ్వుచునే పని మొదలిడిరి. వంటకముల పుస్తక మొకటి వేసిరి. టిప్‌ట్రీ కథానామమునే కొంచెము మార్చి, పురుషులకు కానరాని వంటశాల యను నర్థమువచ్చు పేరు దానికి పెట్టిరి. ఆ పుస్తకము 1992లో హ్యూగో బహుమానపు తుదిపట్టికలోని కెక్కినది. రొట్టె కాల్చు విధానములు చెప్పు పుస్తకమునకు అట్టి గౌరవము వచ్చుట ఆ సాహిత్యపు చరిత్రలోనే వింత. మురబ్బా సీసామీది పేరు చివరకు కేకులు అమ్ముటకే వచ్చినది గదా యని మాకును నవ్వు వచ్చినది.

ఈ సంగతి మా యింట చదివి వినిపించినప్పుడు మా వదినెగారు నవ్వలేదు. “ఎంత చదివినను, ఎన్ని నవలలు వ్రాసినను, మరల పొయ్యిదగ్గరకే గదా వచ్చినారు! మగవారు సభకు చందా లెత్తవలెనన్న ఎవ్వరైన గారెలు వండుదురా?” అనిరి. ఆ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. మనదేశమున స్త్రీసమాజముల వార్షికోత్సవములు ఎన్ని అల్లికల ప్రదర్శనములతోను, ఊరగాయల పందెములతోను ముగిసినవో మనకు తెలియును. మర్ఫీ హాస్యములోను ఆ యపాయము లేకపోలేదు. ఐనను రెండు సంగతులు దాని నించుక తగ్గించుచున్నవి. మొదటిది, ఈ పొయ్యి యెవరికిని విధి కాదు. ఎరిగి యెన్నుకొనిన పరిహాసము. రెండవది, బహుమానము స్త్రీలకే యని గిరిగీసికొనలేదు. తొలియేడు ఎలెనార్ ఆర్నసన్, గ్వినెత్ జోన్స్ అను నిద్దరు రచయిత్రులకు పంచియిచ్చిరి. 2002వ సంవత్సరమునకు జాన్ కెసెల్, ఎం. జాన్ హారిసన్ అను నిద్దరు పురుషుల కిచ్చిరి. వ్రాసినవారెవరు అని గాక, వ్రాసినది స్త్రీపురుషధర్మముల గూర్చి మనకున్న నిశ్చయములను కదల్చినదా లేదా యని మాత్రమే చూచిరి. ఏటేట న్యాయనిర్ణేతలు మారుచుందురు గనుక ఒకరి రుచి శాసనము కాలేదు. మా వదినెగారు దీనితో సగము సమాధానపడిరి. తక్కిన సగము మేమును పట్టుపట్టలేదు.

మాకు దోచిన నిజమైన లోపము మరియొకటి. ఏ సంస్కారప్రయత్నమునకైనను మనిషి పేరు తగిలించుట సాహసము. పేరు పెట్టువారికి ఆ మనిషి చరిత్రలో తమకు కావలసిన పుట కనబడును, తక్కినవి కానరావు. మర్ఫీ చెప్పిన సూత్రము మర్ఫీ పెట్టిన పేరునకును వర్తించినది.

1987 మే నెలలో, వర్జీనియా రాష్ట్రములోని తమ యింట, డెబ్బదియొకటేండ్ల ఆలిస్ షెల్డన్ తన భర్త హంటింగ్టన్‌ను తుపాకితో కాల్చి, తానును కాల్చుకొని చనిపోయెను. ఆయనకు ఎనుబదినాలుగేండ్లు, చూపు దాదాపుగా పోయినది. మరణమును గూర్చి దంపతుల నడుమ నంతకుముందే యొక యొడంబడిక కలదని చెప్పుదురు. 2006లో వెలువడిన జూలీ ఫిలిప్స్ గ్రంథము ఆమె జీవితము నంతయు విపులముగా తెలిపినది. బహుమానము పుట్టుటకు నాలుగేండ్లకు ముందే జరిగిన సంగతి యిది. ఎవరికిని తెలియనిది కాదు. ఆనాడు దానిని విషాదాంతమైన ప్రేమకథగా తలచినవారే మెండు. 2019లో, జాన్ క్యాంబెల్ పేర నుండిన బహుమానమునకు ఆ పేరు తొలగింపబడిన వెంటనే, చదువరులు, విశేషముగా అంగవైకల్యము గల చదువరులు, ఈ పేరును గూర్చియు ప్రశ్నించిరి. పరాధీనుడైన వృద్ధుని, అతనిని పోషించుచున్న వ్యక్తియే చంపినప్పుడు, లోకము చంపినవారి యలసటనే తలచి జాలిపడును. చనిపోయినవాడు ఆ క్షణమున నొప్పుకొనెనా యని యడుగువారుండరు. ఇది వారి వాదము. బహుమానపు నిర్వాహకులు మొదట పేరు మార్చమనిరి. కొలదివారములలోనే మనసు మార్చుకొని, అదర్‌వైజ్ అను పేరు పెట్టిరి. ‘మరియొక తీరున’ అని దాని యర్థము. సిల్వర్‌బర్గ్ పీఠిక వ్రాసిన 1975 నాటి టిప్‌ట్రీ కథాసంపుటపు పేరులోను ఈ మాటయే యున్నది.

ఈ మార్పు తెలిసినప్పుడు మాకు తొలుత కష్టము తోచినది. మొగము చూపక, దండ వేయించుకొనక, ఉత్తరములతోడనే స్నేహితులను సంపాదించుకొనిన యామెను చనిపోయిన పిదప మరియొకమారు కానరాకుండ చేయుచున్నారేమో యనిపించినది. పిమ్మట ఆలోచింపగా, వారడిగిన ప్రశ్న టిప్‌ట్రీ కథలో నున్న ప్రశ్నయే యని తెలిసినది. ఆ గదిలో ఇద్దరుండిరి. మనము ఒకరినే చూచితిమి. మన యిండ్లలోను మంచము పట్టిన మామగారికి, చూపు పోయిన పెత్తల్లికి సేవచేయువారి కష్టము పదిమందికి తెలియును. మంచముమీది మనిషి యేమి కోరుచున్నాడో అడుగువారు తక్కువ. టిప్‌ట్రీ కథలు చదువవద్దని ఎవరును అనలేదు. పేరు తొలగించుట శిక్ష గాదు, పొగడ్తను ఉపసంహరించుకొనుట. నెబ్యులానుండి తన కథను తానే ఉపసంహరించుకొనిన మనిషికి ఈ భేదము తెలియకపోదు.

మర్ఫీ ఉపన్యాసము నేటికిని చదువదొరకును. చదివినచో, ఆమె గొప్ప వక్త యనిపించదు. హాస్యము కొన్నిచోట్ల సభవారికే గాని మనకు నవ్వు తెప్పించదు. ఆమె చేసిన మేలు వాక్చాతుర్యములో లేదు. ఎదుట నున్నవారు ఏమి చేయగలవారో ఎరిగి, వారి చేతికి తగినంత పని యప్పగించెను. సభ పెద్దదైనచో ఆ మాట చప్పట్లలో మునిగిపోయెడిది. మాడిసన్‌లో మాత్రము మరునాటికే పిండి కలుపువారు దొరికిరి.

ఈ సందర్భమున మన దేశపు సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. స్త్రీల వైజ్ఞానికకల్పన యనగా పశ్చిమదేశపు వస్తు వని తలచువారు మనలో పెక్కురు. 1905లోనే రొకేయా సఖావత్ హుస్సేన్ అను వంగదేశపు ముస్లిము వనిత, పురుషులు ఘోషాలో నుండగా స్త్రీలు రాజ్యమేలుచు, సూర్యతాపముతో వంటలు చేసికొనుచు, ఆకాశయానములలో తిరుగుచుండు దేశము నొకదానిని కల్పించి ‘సుల్తానా స్వప్నము’ అను కథను ఇంగ్లీషున వ్రాసెను. ఆ కథ అచ్చయినది మద్రాసునుండి వెలువడుచుండిన ‘ఇండియన్ లేడీస్ మేగజైన్’ అను పత్రికలో. ఆ పత్రికను 1901లో స్థాపించి నడపిన సంపాదకురాలు కమలా సత్యనాథన్, రాజమహేంద్రవరమున పుట్టిన తెలుగు ఆడుబిడ్డ. మాడిసన్ సభలో బహుమానము ప్రకటించుటకు ఎనుబదియారేండ్లు ముందు ఒక తెలుగు స్త్రీ చేతిమీదుగా ఆ కథ లోకమునకు వచ్చినది. దానికి సభ జరుగలేదు, గౌరవాతిథి లేదు. భర్త ఉద్యోగపు పనిమీద ఊరికి పోయినప్పుడు కాలక్షేపమునకై రొకేయా దానిని వ్రాసినదట. ఆయన తిరిగివచ్చి, కాగితములు చేతికి తీసికొని, కూర్చుండుటయైన మరచి, నిలుచుండియే కడవరకు చదివెనట.